పన్నెండు పళ్ల బండి

పుల్లయ్యకు మోకాలి ఆపరేషను బాగా జరిగింది. డాక్టరు అదే అన్నాడు, కూతురు శిల్ప అదే అంది, వేంపల్లెలో ఉన్న భార్య ఓబులమ్మ కూడా చూడకుండానే ఫోనులో అదే అంది. కాదంటున్నది పుల్లయ్య ఒక్కడే.

"మీరంతా బాగుండాదంటే బాగుండాదేమో. నొప్పి మాత్రం నాకుండాది," అని కర్నూలులో కూతురింటి వరండాలో కుర్చీ వేయించుకుని కదలకుండా కూర్చునేవాడు.

కాలు సాగాలంటే నడవాలన్నారు. రోజూ వచ్చి వ్యాయామం చేయించే శివజ్యోతి అనే అమ్మాయి, కర్ర పట్టుకుని గేటుదాకా వెళ్లి రమ్మని బతిమాలేది. "గేటు కాడ ఏముండాదని పోవల్ల?" అని అడిగేవాడు పుల్లయ్య. నిజంగానే గేటు దగ్గర ఏమీ లేదు.

వేంపల్లెలో ఆయనకు అరటితోట ఉంది. తోటకంటే ఎక్కువ పేరు తెచ్చినవి ఎద్దులు. బండలాగుడు పందేలకు ఆయన జత వచ్చిందంటే మైకు పట్టుకున్నవాడికి కూడా హుషారు వచ్చేది. మోకాళ్లు మొరాయించాక ఆ జతను అమ్మేశాడు. కొన్నవాళ్లు తోలుకుపోతుంటే గడప దాటి బయటికి రాలేదు. అప్పటినుంచి ఎవరైనా పందేల మాటెత్తితే ఏదో పని గుర్తొచ్చినట్టు లేచి వెళ్లిపోవడం అలవాటైంది.

అల్లుడు హర్షవర్ధన్ పళ్ల డాక్టరు. మంచివాడు. ఆ మంచితనమే పుల్లయ్యకు మింగుడుపడేది కాదు. పెళ్లై ఇన్నేళ్లైనా మామ ముందు గొంతు పెంచి ఎరుగడు. ఈ ఏడు వానలు పడవంటే "అంతే మామా" అంటాడు. మరునాడు పుల్లయ్యే మాట మార్చి, పడతాయంటే, దానికీ "అంతే మామా" అంటాడు. ఎదురు మాట్లాడని మనిషితో ఎంతసేపని మాట్లాడేది?

పైగా ఆ బొమ్మకారు ఒకటి. మూరెడు పొడవుంటుంది, చక్రాలు మాత్రం కుంపట్లంత లావు. రిమోటు చేతబట్టి, నొక్కి వదులుతూ, ఎదురుగా ఉన్న ఖాళీ ప్లాటులో ఆదివారం పొద్దున దాన్ని పరుగెత్తిస్తాడు. నలుగురి నోళ్లలో వేళ్లు పెట్టి మర్యాదగా సంపాదించుకునే మనిషికి ఇదేం బుద్ధి అని పుల్లయ్య ఎదురుగా అనలేదు. కూతురితో అన్నాడు.

"ఆడుకోనీ నాయనా," అంది శిల్ప. "తాగుతాడా, పేకాడతాడా? కారు తోలుకుంటాడు, అంతేగదా."

"కారు తోలితే బాగుండు. అది తోలేది కారు గాదు పాపా, ఎలక."

ఒకరోజు శిల్ప బ్యాంకుకు, హర్ష క్లినిక్కుకు వెళ్లిపోయాక ఇంట్లో పుల్లయ్య ఒక్కడే మిగిలాడు. టీవీ చూశాడు. దాన్ని ఆపేసి పేపరు చూశాడు. పేపరు కూడా అయిపోయాక టీవీ పక్కన ఉన్న బొమ్మకారు మీద చూపు పడింది. ఊరికే చేతిలోకి తీసుకుని బరువు చూద్దామనుకున్నాడు. తర్వాత ఊరికే స్విచ్చి వేసి చూద్దామనుకున్నాడు. కాసేపటికి అది వరండా ముందు నేలమీద ఉంది, రిమోటు ఆయన చేతిలో ఉంది.

వేలు ఆనించాడో లేదో, తలుగు తెంచుకున్న దూడలాగా ఎగిరి దూకింది. తులసికోట చుట్టూ తిరిగింది. కుంకుడుచెట్టు మొదట్లో గుద్దుకుని వెల్లకిలా పడింది. పుల్లయ్య కుర్చీలోంచి లేచి వెళ్లి కర్రతో దాన్ని తిప్పి పెట్టాడు. ఈసారి గేటు కిందికి దూరింది. మళ్లీ వెళ్లాడు. ఇంత దూరం వచ్చానే అన్న ఆలోచన ఆయనకు రాలేదు, ఎందుకంటే అప్పటికే గోడ పక్కన పడి ఉన్న నాపరాయి ముక్క కంటబడింది. వంటింట్లో బండలు పరిచినప్పుడు మిగిలిపోయినది. పల్చగా, చదునుగా, అచ్చం పందెపుబండకు పుట్టిన పిల్లలాగా ఉంది.

బండ కనబడ్డాక పుల్లయ్య ఇక ఆగేవాడు కాదు. బట్టల తీగకు మిగిలిన నులకతాడు వెతికాడు, బండకు చుట్టాడు, కారు వెనక కమ్మీకి ముడివేశాడు. అది ఎద్దుల కాడికి వేసే ముడి. ఎంత గుంజితే అంత బిగుస్తుంది. రిమోటు నొక్కాడు. కారు ముంగాళ్లు లేపింది, ఒణికింది, బండను బెత్తెడు జరిపింది.

"అద్దీ," అన్నాడు పుల్లయ్య, చాలాకాలానికి.

ఇంకొంచెం నొక్కాడు. కీచుమని మోటరు గొంతు మారింది. అడుగునుంచి సన్నగా పొగ లేచింది. కాలిన వాసన గుప్పుమంది. ఆ తర్వాత ఎంత నొక్కినా ఉలుకూ పలుకూ లేదు.

సాయంత్రం హర్ష వచ్చేసరికి కారు టీవీ పక్కన ఎప్పటిచోటే ఉంది. పుల్లయ్య వరండాలో ఎప్పటికంటే బుద్ధిగా కూర్చుని ఉన్నాడు.

"ఏందో కాలిన వాసన వస్తాండాది మామా," అన్నాడు హర్ష చెప్పులు విడుస్తూ.

"పక్కింటోల్లు చెత్త కాల్చినారేమోప్పా."

హర్ష లోపలికి వెళ్లాడు. కారు చేతిలోకి తీసుకున్నాడు. వెనక కమ్మీకి నులకతాడు ముక్క ఇంకా వేలాడుతూనే ఉంది. పుల్లయ్య బండనైతే విప్పాడు గానీ, ఈ వైపు ముడి బిగుసుకుపోయి ఆయనకే విప్పరాలేదు. హర్ష దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, వరండాలోకి వచ్చి మెల్లగా అన్నాడు.

"మోటరు పాతబడింది మామా. ఎట్లాగూ మార్చల్లనే అనుకుంటాండా."

ఆ మాటతో పుల్లయ్య ప్రాణం చివుక్కుమంది. తిట్టి ఉంటే ఎదురు తిట్టేవాడు. అడిగి ఉంటే లేదని బుకాయించేవాడు. ఇట్లా తన తప్పును మూటగట్టి అవతల పెట్టేస్తే ఏం చేయాలి?

"పాతబడలేదు, ఏం లేదు," అన్నాడు. "నేనే కాల్చినా. బండ కట్టినా దానికి."

"బండనా?"

"ఆ గోడకాడిది."

హర్ష గోడ దగ్గరికి వెళ్లి బండను ఎత్తి చూశాడు. పుల్లయ్య కళ్లు దించుకున్నాడు. తిరిగి వచ్చిన హర్ష ముఖంలో కోపం లేదు. నిద్ర లేచిన పిల్లవాడి ముఖంలాగా ఉంది.

"ఇంత బండను లాగిందా మామా? ఎంత దూరం?"

"బెత్తెడు. అంతే. తర్వాత పొగొచ్చె."

"రాకేమి చేస్తాది. దీనికి ఇరవై మూడు పళ్లది ఉండాది," అన్నాడు హర్ష.

పుల్లయ్య తలెత్తాడు. ఎద్దును చూడగానే రాయలసీమలో ఎవరైనా అడిగే మొదటి మాట పళ్లెన్ని అనే. పందేల్లో పాలపళ్ల జత వేరు, రెండు పళ్ల జత వేరు, ఆరు పళ్ల జత వేరు. బొమ్మకారుకు పళ్లేమిటి?

హర్ష వంటింటి బల్లమీద పేపరు పరిచి, స్క్రూలు విప్పి చూపించాడు. మోటరు నుంచి సన్నటి ఇరుసు ఒకటి బయటికి వస్తుంది. దానికి తొడిగిన చిన్న పళ్లచక్రం పినియను. అది పక్కనున్న పెద్ద పళ్లచక్రాన్ని తిప్పుతుంది, అది టైర్లను తిప్పుతుంది. పినియనుకు పళ్లు ఎక్కువుంటే బండి జోరుగా పోతుంది, కానీ బరువు కడితే మోటరుకు ఊపిరాడదు. పళ్లు తక్కువుంటే నింపాదిగా పోతుంది, బరువు లాగుతుంది.

"అంటే నువ్వు తోలేది పరుగెద్దు," అన్నాడు పుల్లయ్య. "దాన్ని తెచ్చి నేను బండకు కట్టినా."

"అంతే మామా."

ఈసారి ఆ "అంతే మామా" పుల్లయ్యకు చెడ్డగా వినబడలేదు. నిజంగా అంతే కాబట్టి.

"అయితే బండలాగే మోటరు దొరుకుతుందా?"

"ఎందుకు దొరకదు? బెంగళూరు నుంచి తెప్పిస్తా. పన్నెండు పళ్ల పినియను కూడా."

ఆ రాత్రి భోజనాల దగ్గర మామా అల్లుడూ మాట్లాడుకున్నంతగా శిల్ప పెళ్లిలో కూడా మాట్లాడుకోలేదు. పుల్లయ్య తన ఎద్దుల గురించి చెప్పాడు. తెల్లెద్దు ముందుకు వంగి మెడమీద బరువు తీసుకునేదని, కర్రెద్దుకు కోపం ఎక్కువని, మైకు గట్టిగా మోగితే అడ్డం తిరిగేదని చెప్పాడు. శిల్ప చెంబుతో నీళ్లు పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. వాటిని అమ్మిన తర్వాత తండ్రి నోట వాటి మాట వినడం అదే మొదలు.

పార్సెలు వచ్చిన ఆదివారం బల్ల మళ్లీ ఆపరేషను గది అయింది. పాత మోటరును పట్టి ఉంచిన స్క్రూలు తేలిగ్గానే వచ్చాయి. పినియనును ఇరుసుకు బిగించే స్క్రూ మాత్రం ధనియం గింజలో సగం కూడా లేదు. పైగా మసి పట్టి మొరాయించింది. హర్ష క్లినిక్కు నుంచి తెచ్చుకున్న చిన్న అద్దం, కొక్కెంలాంటి పుల్ల బయటికి తీశాడు. పుల్లయ్య టార్చి పట్టాడు.

"ఈ అద్దం జనాల నోట్లో పెట్టేదేనా?" అన్నాడు అనుమానంగా.

"ఇది పాతది మామా. ఇప్పుడు దీనికే."

మసి గీకి, కాల్చిన సూదిమొన తాకించి వేడిచేసి, ఎల్ కీ అనే సన్నటి వంపు కమ్మీ పెట్టి తిప్పితే చివరికి కదిలింది. కొత్త పినియను తొడిగాక, మోటరును దాని చోట కూర్చోబెట్టే ముందు హర్ష పేపరు అంచు సన్నగా చింపి, ఆ చీలికను చిన్న చక్రానికీ పెద్ద చక్రానికీ నడుమ పెట్టాడు.

"ఇదెందుకు?"

"మరీ ఒరుసుకుంటే పళ్లు అరిగిపోతాయి. మరీ ఎడముంటే పట్టు తప్పుతాయి. రెంటికీ మధ్య ఈ కాగితమంత సందుండల్ల. బిగించినాక కాగితం తీసేస్తాం."

పుల్లయ్య వంగి ఆ సందులోకి టార్చి వేసి చూశాడు. "కాడికి కట్టేటప్పుడు కూడా అంతే," అన్నాడు. "మరీ బిగిస్తే మెడ కొట్టుకపోతుంది. వదులిస్తే జారిపోతుంది."

అంతా బిగించి, వైర్లు కలిపి, హర్ష జిగురు సీసా మూత తీస్తుండగానే, ఇప్పుడే తోలి చూద్దామని పుల్లయ్య బండిని గుంజుకుని నేలమీద పెట్టి రిమోటు అందుకున్నాడు. పుల్లయ్య ముందుకు నొక్కాడు. కారు వెనక్కి వచ్చి ఆయన కుర్చీ కాలును పొడిచింది.

"మొండిది," అన్నాడు పుల్లయ్య.

"వైర్లు అటుదిటు పెట్టినా," అన్నాడు హర్ష నాలుక కరుచుకుని. రెండు వైర్లూ మార్చి గుచ్చాడు. ఈసారి నొక్కితే ముందుకే పోయింది. మునుపటి ఎగురుడు లేదు, దూకుడు లేదు. మేతకు వెళ్లి ఇంటికి మళ్లిన ఎద్దులాగా తీరిగ్గా పోయింది. నాపరాయి కట్టారు. బండ నేలను గీరుకుంటూ గేటుదాకా వెళ్లింది. దాని వెనకే పుల్లయ్య వెళ్లాడు. మోటరు మీద చేయి పెట్టి చూస్తే గోరువెచ్చగా మాత్రమే ఉంది.

ఆ వారం శివజ్యోతికి పని తగ్గిపోయింది. గేటుదాకా నడవమని చెప్పే అవసరమే లేదు. ఆమె వచ్చేసరికే ఆయన కర్రను కుర్చీకి ఆనించి వదిలేసి, గేటు దగ్గర బండి వెనక నిలబడి ఉండేవాడు. "పెద్దాయనా, రోంత కూర్చో, కాలు వాస్తుంది," అని మందలించాల్సి వచ్చింది. పుల్లయ్యేమో బండి ముంగాళ్లు లేవకుండా ముక్కుమీద ఇసుక సంచి ఎంత లావుది కట్టాలా అనే ఆలోచనలో ఉన్నాడు.

హర్షలాగా బొమ్మకార్లు తోలేవాళ్లు కర్నూలులో మరికొందరున్నారు. ఆదివారం కలిసి పరుగులు పెట్టుకుంటారు. వాళ్లలో గోపీనాథ్ అని పెళ్లిళ్లకు ఫోటోలు తీసే ఆయన ఉన్నాడు. అందరికంటే పెద్ద బండి ఆయనది. బండ కథ విని ఆయనే అన్నాడు, అయితే ఒకసారి అందరం కట్టి చూద్దామని. నియమాలు పెట్టడానికి మీ మామను పిలవమని కూడా ఆయనే అన్నాడు. పిలవకపోయినా పుల్లయ్య వెళ్లేవాడే.

ఊరి బయట ప్లాట్లు వేసి అమ్ముడుపోని వెంచరు ఒకటి ఉంది. అక్కడ ఎర్రమట్టి రోడ్డు గట్టిగా, చదునుగా ఉంటుంది. మరుసటి ఆదివారం పుల్లయ్య తెల్లపంచె కట్టుకుని, భుజాన తువ్వాలు వేసుకుని అక్కడ దిగాడు. ముగ్గుపిండితో గీతలు వేయించాడు. అందరికీ ఒకటే బండ. జెండా ఊపింది మొదలు మళ్లీ ఊపేదాకా ఎవరి బండి ఎక్కువ దూరం లాగితే వాళ్లది గెలుపు. చివరికి పోతే తిప్పుకుని రావాలి.

"ఇంగొకటి," అన్నాడు. "జెండా ఊపినాక బండిమీద ఎవరూ చెయ్యి వేయగూడదు. ఎద్దులు ఆగిపోతే మనం పోయి బండ తోస్తామా? తోయం. ఇదీ అంతే."

అందరూ సరేనన్నారు.

చిన్న బండ్లు కొన్ని సగందారిలో నిలిచిపోయాయి. ఒకదాని తాడు తెగింది. గోపీనాథ్ బండి అరుచుకుంటూ, టైర్లతో మట్టి చిమ్ముతూ, కుదుపులు కుదుపులుగా అవతలి గీత దాకా పోయి, మలుపు తిరిగి, వెనక్కి కొంత దూరం వచ్చింది. జనం చప్పట్లు కొట్టారు. పుల్లయ్య తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "శక్తుండాది. నిదానం లేదు," అన్నాడు పక్కనున్న కూతురితో.

తర్వాత తమ వంతు. జెండాను గోపీనాథ్‌కు ఇచ్చి, రిమోటు పుల్లయ్య పట్టుకున్నాడు. బండి కదిలింది. అరవలేదు, కుదపలేదు. బండ వెనకాలే పుల్లయ్య పెదాలతో చిన్నగా చప్పుడు చేస్తూ నడిచాడు. హర్ష గీత పక్కనే వంగి నడుస్తూ "నిదానం మామా, నిదానం" అంటున్నాడు. నిదానం సంగతి నాకు చెప్పేవాడివా అని పుల్లయ్యకు నవ్వొచ్చింది. అవతలి గీత దాటింది. మలుపు తిరిగింది. గోపీనాథ్ బండి ఆగిన చోట పెట్టిన ఇటుకరాయి దగ్గరికి వస్తోంది. ఇంకా సమయం ఉంది. శిల్ప ఫోనులో వీడియో తీయడం మరిచిపోయి చేతులు నలుపుకుంటోంది.

ఉన్నట్టుండి బండి నిలిచిపోయింది. మోటరు మాత్రం ఈగలాగా సన్నగా పాడుతూనే ఉంది. టైర్లు తిరగడం లేదు.

"పినియను జారింది," అన్నాడు హర్ష. జేబులోంచి ఎల్ కీ తీసి, పరుగున వెళ్లి బండి పక్కన మోకాళ్లమీద కూర్చున్నాడు. "ఒక్క తిప్పు తిప్పితే చాలు మామా."

"చెయ్యి వేయొద్దు," అన్నాడు పుల్లయ్య.

"మామా, ఒక్క స్క్రూ."

"పెద్దాయనా, బిగించుకోనీండి," అన్నాడు గోపీనాథ్ కూడా. "మాలో మాకేముంది, ఊరికే ఆటేగదా."

పుల్లయ్యకు ఒక్క క్షణం ఆశ పుట్టకపోలేదు. తిరునాళ్లలో ఎన్నో చూశాడు. ఆగిన ఎద్దు తోకను తెలియకుండా మెలిపెట్టినవాళ్లను చూశాడు, వాళ్లను గురించి తానే నలుగురిలో ఏం మాట్లాడాడో కూడా గుర్తుంది. "ఆటయితే మాత్రం?" అన్నాడు. "లేయి హర్షా."

హర్ష లేచాడు. గోపీనాథ్ గడియారం చూసి జెండా ఊపాడు. టేపు పట్టి కొలిచింది పుల్లయ్యే. వంగి, రెండుసార్లు చూసి, పైకి లేచి గట్టిగా చెప్పాడు. "మాది మూరెడు తక్కువ. గెలుపు గోపీనాథ్‌ది." గోపీనాథ్‌కు తన తువ్వాలు తీసి కప్పాడు. ఆయన ఆ తువ్వాలు భుజాన ఉంచుకునే అందరి ఫోటోలూ తీశాడు.

తిరిగి వచ్చేటప్పుడు కారు హర్ష నడిపాడు. పక్కన పుల్లయ్య, వెనక శిల్ప. హైవే మీదికి ఎక్కాక హర్ష గొంతు సవరించుకున్నాడు.

"మామా, ఒక మాట చెప్తా, ఏమీ అనుకోవద్దండి."

"చెప్పుప్పా."

"ఆ స్క్రూకు జిగురు పెట్టి బిగించల్ల. పెట్టి ఒక రాత్రి ఆరనీయల్ల. నేను పెడతానంటే, ఇప్పుడే తోలి చూద్దామని చేతిలోంచి గుంజుకునింది మీరు."

పుల్లయ్య అటు తిరిగి చూశాడు. అల్లుడి చెవులు ఎర్రబడి ఉన్నాయి.

"నేను గుంజుకుంటే మాత్రం? తర్వాత వారం దినాలుండె. అప్పుడెందుకు పెట్టలేదు?"

"మీరు వదిలితేగదా. పొద్దున లేస్తే గేటుకాడే, సందకాడ వస్తే గేటుకాడే. బండి నా చేతికి ఎప్పుడిచ్చినారు?"

"అడిగినావా? నోరు తెరిచి అడగల్ల. అన్నిటికీ అంతే మామా, అంతే మామా అంటే నాకెట్ల తెలుస్తుంది?"

"అడిగితే ఇచ్చేవాళ్లా?"

"ఇచ్చేవాన్ని గాదు. అయినా అడగల్ల."

"మామా, మీతో ఇంగ నావల్ల గాదు," అన్నాడు హర్ష, గొంతు బాగానే పెంచి. వెనక సీటులో శిల్ప నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది.

దారిలో బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ అమ్మే తోపుడుబండి కనిపిస్తే ఆపారు. ప్లేట్లు వచ్చేలోపు ఓబులమ్మ ఫోను చేసింది. గెలిచారా అని అడిగింది. మూరెడు తక్కువైందని చెప్పాడు పుల్లయ్య.

"అయ్యో. ఎందుకు తక్కువాయ?"

"నీ అల్లుడు స్క్రూకు జిగురు పెట్టలేదు."

"పెట్టనియ్యంది ఆయనే అత్తా," అని హర్ష పక్కనుంచి ఫోనులోకి వంగి అరిచాడు. "చెప్పండి మామా, నిజం చెప్పండి. పైగా ఇసుక సంచి అంత లావుది కట్టద్దంటే వింటిరా?"

"ఇసుక సంచి లేకుంటే ముంగాళ్లు లేస్తుండె. నీకేం తెలుసు?"

"నాకు తెలీదా? బండి నాది మామా."

ఓబులమ్మ ఏదో అంటోంది గానీ ఈ ఇద్దరి గొంతుల్లో ఎవరికీ వినబడలేదు. శిల్ప ఫోను తీసుకుని పక్కకు వెళ్లి, "ఏం లేదమ్మా, ఇద్దరూ బాగుండారు," అని చెప్పింది. ఉగ్గాని వేడివేడిగా వచ్చింది. పుల్లయ్య తన ప్లేటులోని పెద్ద బజ్జీని తీసి అల్లుడి ప్లేటులో వేసి, ఇసుక సంచి ఎందుకు కావాలో మొదటినుంచి మళ్లీ చెప్పడం మొదలుపెట్టాడు. హర్ష నోటినిండా బజ్జీ పెట్టుకుని, కాదని తల అడ్డంగా ఊపుతూ విన్నాడు.